పదహారణాల చీటీ

న్యూకాజిల్‌లో నవంబరు ఉదయం ఏడింటికి కూడా రాత్రే.
టైన్ నది మీద వంతెన ఉండే ఉంటుందని నమ్మి
బస్సు దాటేస్తుంది.
నేను నేలమాళిగలోకి దిగుతాను.
నీలం అంగీ, రెండు జతల చేతొడుగులు,
ముక్కు ఎప్పుడో పట్టించుకోవడం మానేసిన రంపపుపొట్టు వాసన.

ముసలి ఎలుకలు నలభై.
మన లెక్కలో డెబ్బై దాటినవి.
వీపు మీద బొచ్చు పలచబడి
చక్రం ఎక్కే ముందు ఒకసారి ఆలోచించుకునేవి.
సగానికి ఉప్పునీళ్ళు, సగానికి మందు.
ఏది దేనికో నాకు తెలియదు.
తెలియకపోవడానికే నాకు జీతం.

మందంటే, ఎలా చెప్పను?
కణంలో కుంపటి ఉంటుంది. ఒకటేమిటి, వందలు.
కళ్ళూ కాళ్ళూ ఇంకా పుట్టని కాలంలో
బయట తిరిగే సూక్ష్మజీవి ఒకటి లోపలికి దూరి
అద్దె బదులు నిప్పు రాజేసి పెడతానంది.
ఉండిపోయింది.
దాని పద్దుల పుస్తకంలో చాలా కాగితాలు
ఇంటివాళ్ళ బీరువాలోకి చేరాయి గానీ
కొన్ని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.
ఆ మిగిలిన కాగితాల అంచుల్లో, ఎవరూ చదవని చోట,
ఇంటికి ఇబ్బంది వచ్చినప్పుడు
ఒక చీటీ రాసి పంపుతుంది.
పదహారు పూసల మాట.
రూపాయికి పదహారణాలనుకుంటే
చిల్లర అడగని మాట.
"చక్కెరని వీధిలో నిలబెట్టకండి,
కండలోకి పిలవండి."
అంతే. కింద సంతకం లేదు.

వయసు మీదపడే కొద్దీ చీటీలు తగ్గుతాయట.
నిప్పు లేక కాదు, చెప్పుకునే ఓపిక లేక.
ఇది నా మాట. పైఅంతస్తులో అంటే నవ్వుతారు.

బోనులు కడిగే డోరీన్ హెదరింగ్టన్
శుక్రవారం టీ దగ్గర సంచి విప్పింది.
వాళ్ళాయన రెజ్, వాల్సెండ్ ఓడల రేవులో
ముప్పై ఏళ్ళు వెల్డింగు చేసినవాడు.
చక్కెరని ఆయన తిన్నాడు, తర్వాత
చక్కెర ఆయన కాలివేళ్ళు రెండు తింది.
సంచిలోంచి చిటికెనవేలంత సీసా.
అడుగున తెల్లటి పొడి. పోస్టులో వచ్చిందట,
నూట ఇరవై పౌన్లు.
"మీరు వాటికి పొడిచేది ఇదే కదా, పెట్?"
ఆమె అందరినీ పెట్ అనే అంటుంది, ప్రొఫెసర్ని కూడా.

చీమకాళ్ళంత అక్షరాల్లో ఉంది:
మనుషుల వాడకానికి కాదు.
చదివి వినిపించాను.
ఎలుక పరిగెత్తితే రెజ్ పరిగెత్తినట్టు కాదన్నాను.
ఆ పొడి నిజంగా అదేనో కాదో తెలీదన్నాను.
నిజమైనదే అయినా ఎంత ఇవ్వాలో,
రక్తంలో ఎంతసేపు నిలుస్తుందో,
పదేళ్ళకి ఏం చేస్తుందో తెలీదన్నాను.
డోరీన్ కప్పు కడిగి బోర్లించింది.
"నీకు నలభై ఉన్నాయి," అంది, "నాకు ఒక్కడే."
సీసా మళ్ళీ సంచిలోకి పోయింది.

ఆ రాత్రి నా వేలికి నేనే సూది పొడుచుకున్నాను.
నూట ముప్పై ఎనిమిది. పరగడుపున కాదులే.
పక్కగదిలో ఇద్దరు కొడుకులు కొట్టుకుంటున్నారు.
ఇంటిపేరు తండ్రిది, నిప్పు తల్లిది.
అమ్మమ్మ అమ్మమ్మకి అమ్మమ్మ
ఊదుకుంటూ మోసుకొచ్చిన కుంపటి
వీళ్ళిద్దరిలో మండుతుంది, వీళ్ళని దాటదు.
డోరీన్‌కి నలుగురు ఆడపిల్లలు.
ఎందుకో ఆ లెక్క గుర్తొచ్చి
దీపం ఆర్పాక కూడా నిద్ర పట్టలేదు.

సోమవారం ఇరవై ఏడో నెంబరు
పరుగు పట్టీ మీద పద్దెనిమిది నిమిషాలు దిగలేదు.
ముందువారం పదకొండు.
మందో, ఉప్పునీళ్ళో, వట్టి మొండితనమో.
అంకె రాసి పేజీ తిప్పాను.

నడిస్తే ఒళ్ళే ఆ చీటీని ఇంకాస్త రాసుకుంటుందని
శుక్రవారం వెళ్తూ వెళ్తూ అన్నాను డోరీన్‌తో,
తలుపు మూసుకునేలోగా, సగం మాటే.
ఇవాళ బోనుల మీద వేడినీళ్ళు కొడుతూ,
ఆవిరిలోంచి అరిచింది:
"రేవు దాకా నడిపించాను వాణ్ణి!
దారి పొడుగునా తిట్టాడు,
నన్నూ, నదినీ, నిన్నూ."

సీసా సంగతి నేనడగలేదు.
గొట్టం అందుకుని
రెండో వరస బోనులు నేను కడిగాను.